స్టీరింగా, చెక్కా

బుధవారం, ఆషాఢం, 1927. సాలూరు.

బస్సు కంపెనీ మేనేజరుకు రేపు పొద్దున్నే జవాబు చెప్పాలి. సూరన్న నడిపే బస్సులో రెండో డ్రైవరుగానే ఉంటే ఆదివారం సెలవు, ఇంటి తిండి. కంపెనీ పాత లారీ తీసుకుంటే డ్రైవర్లలో అందరికంటే కొత్తవాణ్ణి నేనే కాబట్టి, ఎవరూ వెళ్లనన్న వాన ట్రిప్పులన్నీ నాకే. కానీ స్టీరింగు నాది.

ఇవాళ ఘాటీ కొండదారి నాలుగో మలుపులో బస్సు ఆగి వెనక్కి జారబోయింది. సూరన్న కేక వేయకముందే దూకి వెనక చక్రం కింద చెక్క పెట్టాను. రెండేళ్లుగా అదే పని. ఒక్కనాడూ బాగుందనలేదు ఆ మనిషి.

పైకెక్కాక చుట్ట ముట్టించి అన్నాడు: "ఏటిరా, పెద్ద సీటు మీద మోజా? నా పక్కనుంటే తప్పు నాది. లారీ ఎక్కితే తప్పు నీదే."

"ఒప్పు కూడా నాదే గదన్నా" అన్నాను.

చుట్ట నుసి రాల్చి, "నువ్వెల్లిపోతే నాకు సెక్కెవుడేత్తాడురా?" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. నాకింకా పని రాదని ఇన్నాళ్లూ ఈ మనిషి మేనేజరుతో చెప్పింది ఇందుకన్నమాట. ఇంజిను విప్పి బిగించడం నాకెవడు నేర్పాడు? చూసి నేనే నేర్చుకున్నాను. ఆ మలుపులన్నీ కళ్లు మూసుకుని చెప్పగలను. లారీయే తీసుకుంటాను.

ఒక్కటే. లారీలో నాకు చెక్క వేసేవాడెవడో మేనేజరు చెప్పలేదు. కేక కోసం ఎదురుచూసే రకమైతే, నాలుగో మలుపులో...