నీళ్ల కూలరు

చిట్యాల,
ఆదివారం.

నాగరాణికి,

నీ ఉత్తరం చేరింది. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. కోయంబత్తూరు తిండి అలవాటైందని రాశావు కనుక నువ్వూ బాగున్నావనే అనుకుంటున్నాను. అమ్మ మోకాళ్ల సంగతి అడిగావు. దవాఖానలో ఇచ్చిన మందు పనిచేస్తోంది. నిన్న మేకల వెంట చెలక దాకా నడిచింది. షెడ్డు మీద చిల్లుపడ్డ రేకు మాత్రం ఇంకా మార్చలేదు. కోప్పడకు.

గుట్ట ఎక్కే పోటీకి తయారుచేస్తున్న మన జీపు సంగతి కావాలనే చివరికి ఉంచాను.

సూపర్‌ఛార్జర్ బిగించాను. అది గాలిని నొక్కి ఇంజనులోకి పంపుతుంటే ఆ గాలి కాగిపోతుంది. దాన్ని చల్లార్చే ఇంటర్‌కూలర్ ఎక్కడ పెట్టాలన్నదే మిగిలింది. నువ్వు స్పష్టంగానే రాశావు: ముందు భాగంలో గాలి కూలరు వద్దు, సూపర్‌ఛార్జర్‌కూ ఇంజనుకూ మధ్యన నీళ్ల కూలరు పెట్టు, దివాకర్ గారు కూడా అదే అంటున్నారు అని.

నాకు ఆ చివరి మాటే కనిపించింది. ఇంజను పని నేర్చుకోవడానికి అంత దూరం పోయావు, నీ ప్రతి ఉత్తరంలోనూ అది నేర్పే ఆ సారే. దివాకర్ గారు బెల్టు ఇలా బిగించమన్నారు, దివాకర్ గారు మెచ్చుకున్నారు. పెళ్లయిన కొత్తలో బానెట్ ఎత్తి, "గిది ఎందుకు గిట్ల మోగుతాంది?" అని నన్నే అడిగేదానివి. ఇప్పుడు అడగడానికి నీకు వేరే మనిషి దొరికాడు.

అందుకే గాలి కూలరే పెట్టాను. గ్రిల్లు వెనక పెద్దది నిలబెట్టి, ఇంజను చుట్టూ పొడుగు పైపులు తిప్పాను. అమ్మ గుమ్మంలో కూర్చుని చూస్తూ ఉంది.

"నాగరాణి నీళ్లది పెట్టుమన్నది గదరా?"

"అది ఆమె మాట గాదమ్మా, గా సారు మాట."

"ఎవల మాటైతేంది? ఎవలు చెప్పిన్రో బండికి ఎర్కైతదా?"

నేను పైపు క్లిప్పు ఇంకో చుట్టు బిగించాను.

హైవే మీద జీపు దూసుకుపోయింది. ఎదురుగాలి బాగా తగిలి కూలరు చల్లగా ఉంది. దివాకర్ ముఖం ఊహించుకుని ఒక్కడినే నవ్వుకున్నాను. అక్కడి నుంచి రామన్నపేట వైపు, పోటీ జరిగే గుట్టకు పోయాను. ఆ ఎక్కుడులో బండి పాకుతూ పోవాలి. గాలి ఎక్కడిది? పైగా చక్రాలు చిమ్మిన బురద కూలరును పూడ్చేసింది. సగం గుట్ట ఎక్కేసరికి, డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు ఇంజను కొట్టుకోవడం మొదలుపెట్టింది. వెంటనే ఆపేశాను కాబట్టి పిస్టన్లు దక్కాయి. రాళ్ల ట్రాక్టరుకు కట్టి కిందికి లాక్కొచ్చాను.

ఆ సాయంత్రమే దివాకర్ ఫోన్ చేశాడు.

"అన్నా, నేను దివాకర్‌ను. మాది హుజూర్‌నగర్. వదిన పంపమన్న నీళ్ల పంపు అందిందా?"

అందింది. విప్పకుండా మూలకు పడేశాను. ఆ మాట చెప్పలేక, "నీ మాట మీద మస్తు నమ్మకం మా ఇంటామెకు" అన్నాను.

"నా మాట ఏడిదన్నా? నేను గాలిదే పెట్టమన్న. గుట్టల కాడ అది పనికిరాదని వదిన నాతోటి కొట్లాడింది. ఇక్కడ రెండూ బిగించి చూపించినంక ఒప్పుకున్న. 'నా ఒక్కదాని మాటైతే మా ఆయన వినడు, మీ పేరు కూడ రాస్త' అన్నది. రాసుకోమన్న."

నాగరాణీ, ఫోనులో నీతో ఈ మాట అనలేకపోయాను, అందుకే రాస్తున్నాను. అతని మీది మంట ఆ క్షణమే ఆరింది. కానీ వెంటనే నీ మీద మొదలైంది. ఇదే ఎక్కువ కాల్చింది. పరాయి మగవాడు నాకంటే తెలిసినవాడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. నా దగ్గర స్పానర్ పట్టుకోవడం నేర్చుకున్న నువ్వు నన్ను దాటిపోతే ఏం చేయాలో నాకు తెలియలేదు. నీ మాట నాకు చేరాలంటే పక్కన ఇంకో మగవాడి పేరు ఉండాలని నువ్వు అనుకున్నావు. అది అబద్ధం కాదు.

మూలకు పడేసిన పంపు పెట్టె విప్పాను. నువ్వు గీసి పంపినట్టే నీళ్ల కూలరు బిగించాను. నిన్న జీపు గుట్ట పైదాకా ఆగకుండా ఎక్కింది. పైన నిలబడి సంతోషపడ్డాను, కుళ్లుకున్నాను కూడా.

తిరిగి వస్తూ పోటీకి పేరిచ్చాను. బండి తయారు చేసిందెవరని అడిగారు. నాగరాణి అన్నాను.

"ఎవలామె?" అన్నాడు రాసుకునేవాడు.

"ఇంజను మనిషి" అన్నాను.

నడిపేది మాత్రం నేనే. అదొక్కటీ ఇంకా నీకివ్వలేను.

ఇట్లు,
నీ పెనిమిటి
పరశురాం