మూడక్షరాల ముళ్ళపొద

మందస,
ఆదివారం.

సుధక్కకి నమస్కారాలు.

మేమంతా కులాసా అని మొదలుపెట్టడం మన ఇంటి అలవాటు. ఈసారి ఆ మాట రాసి కొట్టేశాను. నువ్వూ బావగారూ రాయపూర్‌లో బాగున్నారని తలుస్తాను.

అన్నయ్య ఎలా ఉన్నాడని అడిగావు. వారానికి మూడుసార్లు పలాస తీసుకెళ్ళి డయాలసిస్ చేయిస్తున్నాను. నాలుగు గంటలు మంచం మీద కదలకుండా పడుకోవాలి. కాలక్షేపానికి నేను పేపర్లో గళ్ళ నుడికట్టు చదువుతాను, అన్నయ్య జవాబులు చెబుతాడు. ఇరవై ఆరేళ్ళు బళ్ళో తెలుగు చెప్పిన మనిషి కదా, ఇదివరకు నేను పెన్ను తీసేలోపే చెప్పేసేవాడు. ఇప్పుడు మాటకీ మాటకీ మధ్య ఆయాసం.

మొన్న గురువారం నుడికట్టు నిండా వాసన పూల పొదలే.

"తెల్లారేసరికి నేల రాలేది, నాలుగక్షరాలు" అన్నాను.

"పారిజాతం."

"వేసవి పొద, గుండ్రటి మొగ్గ."

"గుండుమల్లె. రాయరా, అలా సూత్తావేటి?"

"ముళ్ళపొద, పాము కాపుంటుందంటారు, మూడక్షరాలు."

దీనికి మాత్రం ముందు నవ్వాడు.

"మొగలి. అక్క జడకని పొదలో దూరిపోనావు, గుర్తుందేటి?"

బారువ తీరంలో, నాకు ఏడేళ్ళప్పుడు. అన్నయ్య పాక్కుంటూ వచ్చి నన్ను బయటికి లాగాడు. తన చేతులంతా రక్తం. అమ్మతో తనే దూరానని చెప్పి దెబ్బలు కూడా తిన్నాడు. సూదులు గుచ్చిన చోటికి పక్కనే ఆ ముళ్ళ గీతలు ఇంకా ఉన్నాయి. వాటిని చూశాక నావల్ల కాలేదక్కా.

నీకు సుగర్ ఉందని, కిడ్నీ ఇవ్వడానికి నిన్ను అప్పుడే వద్దన్నారు. నా కిడ్నీ అన్నయ్యకి ఎందుకు సరిపోలేదు, నేను మళ్ళీ పరీక్ష చేయించుకోకూడదా అని రాశావు. సరిపోయింది. నిరుడు విశాఖలో, సరిపోతుందన్న కాగితం నా చేతికే ఇచ్చారు. తిరుగు బస్సులో చింపి కిటికీలోంచి వదిలేశాను. నీ మరదలు సౌజన్యకి కూడా చెప్పలేదు. భయమేసింది. ఇంతకన్నా మంచి కారణం ఏడాదిగా వెతుకుతున్నాను, దొరకలేదు.

గురువారం ఆ మంచం పక్కనే అంతా చెప్పేశాను. "ఇప్పుడిస్తాను అన్నయ్యా" అన్నాను.

అన్నయ్య కళ్ళు మూసుకునే అన్నాడు: "తెలుసురా. డాక్టరుగారు అప్పుడే నాకు సెప్పీసారు. నువ్వే నోరు విప్పుతావని సూసాను. ఇప్పుడు నా గుండె ఆ ఆపరేషన్‌కి తట్టుకోదంటన్నారు. ఇంక ఆ మాట వొగ్గీ. మీ వదినకి మాత్రం సెప్పకు."

ఫోన్‌లో చెబుదామని రెండుసార్లు నీ నంబరు నొక్కాను. నీ గొంతు వినగానే పెట్టేశాను.

జానకి వదిన డయాలసిస్ రోజున నాకు విడిగా కారియర్ కడుతుంది. "మీ అన్నకి నువ్వే దిక్కు, వేళకి తిను బాబూ" అంటుంది. నిన్నా కట్టింది. అన్నయ్య చూస్తుండగా, ఒక్క మెతుకు వదలకుండా తిన్నాను.

ఇట్లు,
నీ చిన్న తమ్ముడు
ఉదయశంకర్