ఒక్క ముక్కా రాదన్న సిరాజ్

5 జులై 1982, సోమవారం

సెలవుల తర్వాత రష్యన్ డిప్లొమా క్లాసులు మొదలయ్యాయి. లెక్చరర్ గారు సిరాజ్‌ను లేపి, సెలవుల్లో ఏం చేశావో రష్యన్‌లో చెప్పమన్నారు. మార్చిలో వాడే క్లాస్ ఫస్ట్. ఇవాళ నోరు తెరిచాడు, మూశాడు, కూర్చున్నాడు. బయటికొచ్చాక, అంతా మర్సిపోనాను బావా, ఒక్క ముక్కా రావట్నేదు అన్నాడు.

నవ్వొచ్చింది. ఏమీ చదవలేదని ఏడ్చి ఫస్ట్ మార్కు కొట్టేవాళ్లను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. స్టీల్ ప్లాంటు పనికి రష్యన్ ఇంజనీర్లు వస్తున్నారు. ఇంటర్‌ప్రెటర్ పోస్టు ఒక్కటే. అప్లై చేసింది మేమిద్దరమే. ఇంటర్వ్యూ నెలాఖరున. నా చెవిలోనే పువ్వు పెడుతున్నాడు!

8 జులై

చొక్కా కొలతలిస్తానని వన్‌టౌన్‌లో సిరాజ్ వాళ్ల టైలర్ షాపుకు వెళ్లాను. అసలు వెళ్లింది వాడి పని కనిపెట్టడానికి. వాళ్ల నాన్న కరీం బాషా గారు ఆయాసంతో మంచం పట్టారు. వేసవంతా మిషను తొక్కింది సిరాజేనట. ఇప్పుడు రంజాన్ బట్టలు. వాడు దారం కోసం లోపలికెళ్లగానే బట్టల కుప్ప ఎత్తి చూశాను. రష్యన్ పుస్తకం లేదు, అన్నీ లాల్చీలే. అంటే ఇంట్లో దాచాడు.

12 జులై

సిరాజ్ క్లాసుకు రాలేదు. ఇంట్లో కూర్చుని కుమ్మేస్తున్నాడన్నమాట.

15 జులై, రాత్రి

రోజా ఉపవాసం విడిచి నేరుగా మా పోర్టు క్వార్టర్స్‌కు వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. రోజూ గంటసేపు నాతోటి రష్యన్ మాటాడు బావా, నోరు తిరిగితే మళ్లీ వచ్చెస్తాది అని బతిమాలాడు.

ఒక్క క్షణం జాలేసింది. వెంటనే తెలివి తెచ్చుకున్నాను. నా దగ్గర ఎంత సరుకుందో చూసుకోవడానికి వచ్చాడు. వేసవంతా డాబా మీద గొంతెత్తి చదివిందంతా వీడికి ఒలకబోయాలా? నాకూ ఏం రావట్లేదు బావా అన్నాను. అయ్యో, నీకూనా అంటూ భుజం తట్టాడు. నటన అంటే అదీ!

29 జులై

ఇంటర్వ్యూ. ముందు వాణ్ని పిలిచారు. తలుపు దగ్గర చెవి పెట్టాను. ఇప్పుడు చూడాలి వీడి గడగడ అనుకున్నాను. రష్యన్ ఆయన పేరడిగాడు. ఊరు, ఇంట్లో ఎవరెవరు. అన్నీ మొదటి పాఠాలే. సిరాజ్ పేరు చెప్పాడు. తర్వాత మాట వినపడలేదు. చివరికి సారీ సార్ అన్నాడు.

బయటికొచ్చి, బయపడకు బావా, సిన్న సిన్నవే అడుగుతన్నారు అని నాకు చెప్పి వెళ్లిపోయాడు.

నేను బాగా మాట్లాడాను. చాలా బాగా.

9 ఆగస్టు

ఆర్డరొచ్చింది. స్వీట్లు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. సిరాజ్ షాపులో ఉన్నాడు. వాళ్లమ్మ రసూల్ బీ నా తల నిమిరింది. నీకూ ఏటీ రావట్నేదని మావోడు సెప్పినాడు దొరబాబూ, అందుకే దర్గాలో ఇద్దరి పేరా మొక్కినాను, నీకైనా ఫలించింది నాయినా అంది. మొక్కు తీర్చాలి, రేపు దర్గాకు రమ్మంది.

నాకు అంతా వచ్చునని చెప్పలేకపోయాను. సిగ్గుతో చచ్చాను.

10 ఆగస్టు

దర్గాలో సమాధి మీద కప్పే చాదర్ ఒక కొస నేను, ఒక కొస సిరాజ్ పట్టుకున్నాం. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. వాడి మొహంలో ఇంకా ఏదైనా నటన దొరుకుతుందేమోనని వెతికాను.