మూడో రింగు

జూలై 3, 2006
అమ్మాయి వాణి మెసేజ్. గుడివాడలో తను పాఠాలు చెప్పే బడి తెరిచి మూడు వారాలైందట. చివర చిన్న నవ్వు — రెండు చుక్కలు, ఒక బ్రాకెట్. ‘సరే’ అని పంపాను. అంతకంటే ఏం రాయాలో...

జూలై 4
‘సరే’కి జవాబు లేదు.
వాళ్లమ్మ శారద పోయిన పన్నెండో రోజునే ఆఫీసుకు వెళ్లాను. అప్పుడంది వాణి — “మీకు ఏమీ అనిపించదా నాన్నా?” నాలుగు నెలలు. బందరు ఇంటికి రాలేదు. ఫోన్ చేయదు. మెసేజీలే.

జూలై 8
నా ఫోన్‌లో శారద మెసేజీలు అలాగే ఉన్నాయి. అన్నీ ఒకటే — ‘ఎప్పుడొస్తారు’. వెనక చుక్కలు. మీట ఇరుక్కుంటోందనుకునేవాణ్ణి. ఈరోజు తేదీల వరసన చదివాను. రెండు చుక్కలు — ఊరికే అడగడం. ఐదు — కూర చల్లారింది. తొమ్మిది — మా పెళ్లిరోజు. ఆఫీసులో ఉండిపోయాను.
ఇంత పొదుపుగా అలగడం ఎక్కడ నేర్చుకుంది.

జూలై 11
చేపలమ్మే నాగమణి గిలకలదిండి రేవు నుంచి చేపలు తెచ్చింది. పొలుసు తీస్తుంటే ఆమె ఫోన్ మోగి ఆగింది. ఎత్తలేదు. మళ్లీ మోగింది, ఆగింది. ఇంకోసారి.
“మా ఆయనండి బాబాయిగారూ. బోటుకి టవర్ అందగానే కొడతాడు.”
“మూడుసార్లెందుకు?”
“ఒకటి వచ్చేస్తన్నానని. రెండోది చేప పడిందని.”
“మూడోది?”
తల ఎత్తలేదు. “అది నాకండి.”
ఇంకో చేప అందుకుంటూ — “పిన్నిగారూ వాణమ్మా ఆ మూడోది మోగేదాకా నన్ను గుమ్మం దాటనిచ్చేవారు కాదు. ఒకటే నవ్వు.”
చదువు రాని మనిషి, బోటు మీంచి. ముప్పై ఏళ్లుగా ఆఫీసు ఉత్తరాలు రాస్తున్నాను. అంత తేటగా ఒక్క వాక్యం రాయలేదు.

జూలై 12
సాయంత్రం వాణికి ఒక్క రింగు ఇద్దామని. కట్ చేయడం ఆలస్యమైంది. ఎత్తేసింది.
“ఏమైంది నాన్నా? ఒంట్లో బానే ఉందా?”
“ఏం లేదమ్మా. చెయ్యి తగిలింది.”
“...సరే.”
నా మాట నాకే వచ్చింది.

జూలై 13
నాగమణికి చెప్పాను. నవ్వింది. “మీరు ఆ పిల్ల గొంతు కోసం ఆగారండి. ఆలస్యం అవదా మరి?”

జూలై 15
మెసేజ్ — ‘మొన్న చెయ్యి తగల్లేదు’. తర్వాతి వాక్యం రాలేదు. చుక్కలు పెట్టాను. తొమ్మిది. వాణికీ అలాగే పంపి ఉంటుంది వాళ్లమ్మ.
పంపేశాను.

జూలై 16
పగలంతా ఏమీ లేదు.

ఆరింటికి మోగింది. వాణి. చెయ్యి చాచేలోగా ఆగింది.
వస్తున్నాననా.
మళ్లీ మోగింది. ఆగింది. చేపల సంగతి తనకెందుకు.
ఫోన్ బల్ల మీద పెట్టాను. ఎత్తేస్తానేమోనని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను...