ముట్టకండి అని అరిచినందుకు

చాదర్‌ఘాట్ నుంచి కబురొచ్చింది. చెల్లె పద్మకు నొప్పులు మొదలైనాయట. పోతున్నాను, ఈ రాత్రికి రాను. అన్నం, పప్పు గూట్లో ఉన్నాయి.

మీరు ఆబిడ్స్‌లో కొన్న నీళ్ళు కాచే కరెంటు కడ్డీని రేపు గంగాళంలో పెట్టకండి, మీకు దండం పెడతాను. పాత రాగి హమామే అంటించండి. నీళ్ళు పోసి పెట్టాను, బొగ్గులు పక్కనే ఉన్నాయి. ఆ పొగకు అత్తమ్మకు దగ్గు వస్తుందనే మీరు కడ్డీ తెచ్చారని నాకు తెలుసు. దగ్గు వస్తే రానీయండి.

ఈ పొద్దున మీరు కడ్డీ స్విచ్ వేసి పేపరు కోసం బయటికి పోయారు. అత్తమ్మ తడి మడిచీరతో వచ్చి, ఎప్పటిలాగే నీళ్ళు కాగినాయా అని గంగాళంలో వేలు పెట్టబోయింది. నేను "ముట్టకండి!" అని అరిచాను. "మడిల ఉన్నదాన్ని, నన్నే ముట్టకు అంటవా?" అని అప్పటినుంచి నాతో మాటలు బంద్ చేసింది. కరెంటు అని చెప్పబోతే చెవిన పెట్టలేదు. మీరు చెబితే వింటుంది. నా మీద కోపం ఉంటే ఉండనీయండి.

సౌభాగ్య

గడప దాటుతుంటే అత్తమ్మ నోరు విప్పింది. "నిన్న గా నీళ్ళు ముట్టంగనే చెయ్యంత జివ్వుమన్నది. అండ్ల ఏం కలిపినవే?" అంది. వెనక్కి వచ్చి ఇది రాస్తున్నాను. కడ్డీ ఇప్పుడు నా సంచిలో ఉంది. వెతకకండి.