ఒకే చెంబు, రెండు సీసాలు

అన్నయ్యకి,

నువ్వు ఓడ పనికి వెళ్తూ మా ఇంట్లో పెట్టిన ఉప్పునీటి చేపల్లో రెండు చనిపోయాయి. తిట్టుకునే ముందు ఈ ఉత్తరం చివరిదాకా చదువు.

మొదటిది పోగానే తొట్టిలో నీళ్లు సీసాకి పట్టి చేపల కొట్టుకి తీసుకెళ్లాను. కొట్టాయన పరీక్ష చేసి, "నీళ్లకేం ఢోకా లేదమ్మా. మీ ఇంట్లో చేపలంటే గిట్టనివాళ్లు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు. నా మనసు నేరుగా మీ బావ మీదికి పోయింది. తొట్టి మోటారు రొదకి నిద్ర పట్టడం లేదని సణిగేది ఆయనే కదా! పైగా ఒక పొద్దున వంటింట్లోంచి తొంగిచూస్తే తొట్టి మీదికి వంగి ఉన్నారు. నన్ను చూడగానే చెయ్యి వెనక్కి లాక్కున్నారు.

రెండోది కూడా పోయాక కొట్టాయన మీదా అనుమానం పుట్టింది. తొట్టిలోంచి ఒకే చెంబుతో తీసిన నీళ్లు రెండు సీసాల్లో పోసి, ఒకటి మాది, ఒకటి పక్కింటివాళ్లది అన్నాను. మాది చెడిపోయిందన్నాడు, పక్కింటిది బాగుందన్నాడు. నిలదీస్తే పరీక్ష మందు సీసా వెలుగులోకి ఎత్తి చూసి, మందు అడుగున గడ్డకట్టిందని ఒప్పుకున్నాడు. బాగా కుదిపి మళ్లీ చేస్తే రెండూ ఎర్రగా మారాయి, అంటే నీళ్లు చెడిపోయినట్టే. తినకుండా మిగిలిన మేత కుళ్లితే అలా అవుతుందట.

నేను వేసేది చిటికెడే. ఇంటికొచ్చి మీ బావని అడిగేశాను.

"నువ్వు వాటి కడుపు మాడుస్తున్నావేమోనని అనుమానం వచ్చింది. అందుకే నీకు తెలియకుండా నేనూ వేస్తున్నాను" అన్నారు.

ఇద్దరం కలిసి సగం నీళ్లు మార్చాం. మిగిలిన పసుపు చేప హుషారుగా తిరుగుతోంది. మేత డబ్బా అల్మారాలో పెట్టి తాళం వేశాం. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్నదే ఇంకా తేలలేదు.

నీ చెల్లెలు