ప్రేమో బన్నో తేల్చి చెప్పు

చిరంజీవి పొట్టికి,

తాళాల కొట్టులోంచి బాబాయ్ దీవించి రాసేది. నువ్వు కాలేజీలో మనస్తత్వశాస్త్రం చదువుతున్నావని మీ నాన్న చెప్పాడు. నాకో అనుమానం వచ్చిపడింది, తీర్చు.

మా కొట్టు ఎదురుగా కొత్తగా బేకరీ వెలిసింది. అది నడిపే ఆవిడ పొయ్యిలోంచి బన్నులు తీసినప్పుడల్లా గంట కొడుతుంది. ఆ గంట వింటే చాలు, నా నోట్లో నీళ్ళూరుతున్నాయి. నిన్న బన్నులన్నీ అయిపోయాక ఆవిడ గంటని తుడుస్తుంటే అది మోగింది. అప్పుడూ ఊరాయి! తాళంచెవి అరగదీస్తూ ఆకురాయితో వేలు గీరుకున్నాను. బన్నుల్లో ఏదో కలుపుతోంది, సందేహం లేదు.

నీళ్ళతో ఆగితే బాగుండును. ఆవిణ్ణి చూస్తే గుండె దడదడలాడుతోంది. పెళ్ళి మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. ఇన్నేళ్ళు ఒంటరిగా బతికినవాణ్ణి. తీరా పెళ్ళయ్యాక ఇదంతా బన్ను మహిమేనని తేలితే ఆవిడ గతేం కాను? ఇది ప్రేమో, బన్నో తేల్చి చెప్పు.

ఇట్లు,
నిద్ర పట్టని నీ బాబాయ్

తా.క. కార్డు మీద రాయకు. పోస్ట్‌మాన్ నా ఆరోగ్యం గురించి నాకంటే ముందే తెలుసుకుంటున్నాడు.

*

ప్రియమైన బాబాయ్‌కి,

నీ పొట్టి నమస్కారాలు. ఎవరూ ఏమీ కలపలేదు! ఇది మా మొదటి పాఠం. కుక్కకి మాంసం పెట్టే ముందు రోజూ గంట కొడితే, కొన్నాళ్ళకి ఉత్త గంటకే దానికి నోరూరుతుంది. దీన్ని నిబంధన అంటారు. బేకరీ ఆవిడ వల్ల నీకూ అదే ఏర్పడింది.

ఒక పని చెయ్యి. వారం పాటు గంట కొట్టొద్దని ఆవిణ్ణి అడుగు. నోరూరడం ఆగి, దడ కూడా ఆగితే అది బన్ను. దడ ఆగకపోతే ప్రేమ. నాకూ ఒక ప్రయోగం రాయాల్సి ఉంది, కాబట్టి నువ్వే నా ప్రయోజ్యుడివి.

ఉంటాను,
నీ పొట్టి

తా.క. మా మేడంకి నీ గురించి చెప్పాను. "ఇంత మంచి ప్రయోజ్యుడు దొరకడం అదృష్టం" అన్నారు.

*

బంగారు తల్లి పొట్టికి,

బాబాయ్ పొంగిపోతూ రాసేది. ముందు ఒక సంగతి తేలాలి. ఆవిడ నాకు నిబంధన పెట్టిందని నీకెవరు చెప్పారు? మీరిద్దరూ ఉత్తరాలు రాసుకుంటున్నారా? నేరుగా వెళ్ళి, "మీ నిబంధనేంటో మొహమ్మీదే చెప్పండి" అని నిలదీశాను. "బన్నులు నొక్కి చూడకూడదు, అంతేనండీ" అంది. గంట ఆపమంటే నన్ను ఎగాదిగా చూసి సరేనంది. ఎందుకని అడగలేదు! అక్కడే నాకు అనుమానం.

పోనీలే. నీ రెండో మాటకి మాత్రం కళ్ళు చెమర్చాయి. ప్రయోజకుడు! మీ తాతయ్య చివరి శ్వాసదాకా నన్ను అప్రయోజకుడనే పిలిచాడు. అలాంటిది కాలేజీ మేడం అంతటావిడ అనేసరికి నీ ఉత్తరం కొట్టు గోడకి అంటించాను. వచ్చినవాళ్ళందరి చేతా చదివిస్తున్నాను. వారం గడిచాక తీసుకెళ్ళి ఆవిడకే చూపించి పెళ్ళి మాట అడిగేస్తాను.

ఇట్లు,
ప్రయోజకుడైన నీ బాబాయ్

తా.క. కుక్క ఉన్న ముక్క కత్తిరించేశాను. అది మనకి అనవసరం.

*

బాబాయ్!

కొంప ముంచావు! అది ప్రయోజకుడు కాదు, ప్రయోజ్యుడు. మళ్ళీ చదువు. ఎవరి మీద ప్రయోగం చేస్తారో వాళ్ళని అలా అంటారు. ఆ పాఠంలో ఆ స్థానం కుక్కది. ఆవిడకి చూపించావా, ఇక జన్మలో నీ మొహం చూడదు. కాళ్ళు పట్టుకుంటాను, గోడ మీంచి పీకెయ్.

కంగారుతో,
పొట్టి

తా.క. మేడం ఇంకా నవ్వు ఆపలేదు.

*

చిరంజీవి పొట్టికి,

బాబాయ్ తల దించుకుని రాసేది. నీ ఉత్తరం ఆలస్యంగా అందింది. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది.

గంట ఆగాక నోరూరడం మెల్లగా తగ్గింది. దడ తగ్గలేదు సరికదా, ఎక్కువైంది. ఎందుకంటే గంట లేదు కనుక ఆవిడే మా గుమ్మంలోకి వచ్చి "బన్నులొచ్చాయండీ" అని చెప్పి వెళ్ళేది. ఇక ఆగలేక నీ ఉత్తరం చేతికిచ్చి, "నేనిలాంటివాణ్ణి, నన్ను చేసుకుంటారా?" అనేశాను.

చదివింది. మళ్ళీ చదివింది. "ఇందులో 'క' ఎక్కడుందండీ?" అంది. కాలేజీ పిల్లలు తొందరలో అక్షరాలు మింగేస్తారన్నాను. పకపకా నవ్వి, "ప్రయోజకుల్ని చాలామందినే చూశాను, అందరూ నన్ను దిద్దాలనుకున్నవాళ్ళే. ఈ ప్రయోజ్యుడు చాలు నాకు" అంది. పాపం నోరు తిరగలేదనుకుని, "పర్వాలేదు, నేను నేర్పుతాను" అన్నాను. చూడు నా తెలివి!

"నేనూ ఈ పాఠం చదివినదాన్నే" అంది అప్పుడు. "బన్నులు కొనేవాళ్ళకి వాసన చాలండీ, గంటెందుకు? ఆకురాయి కింద పెట్టి ఒక్కసారైనా మీరు తలెత్తుతారని కొట్టేదాన్ని."

విన్నావా! కుట్రే! నా అనుమానం అక్షరాలా నిజం! కానీ పొట్టీ, జీవితంలో మొదటిసారి నా అనుమానం నిజమైంది, నాకు కోపం రాలేదే. కూర్చుని ఏడ్చేశాను, సంతోషంతో. వచ్చే నెల పెళ్ళి. ముందుగా వచ్చెయ్.

ఇట్లు,
నీ బాబాయ్

తా.క. మీ మేడంకి చెప్పు. ప్రయోజ్యుడు పెళ్ళిపనుల్లో ఉన్నాడు, ఇంకెవర్నైనా చూసుకోమను.